నాకంటే ఒక్క నంబరు పైన

మా వీధి చివర ఉండే అమ్మాయికి ఈమధ్య ఒక విమానాల కంపెనీలో కో-పైలట్‌గా ఉద్యోగం వచ్చింది. చేరడానికి వెళ్ళేముందు వాళ్ళ నాన్నతో కలిసి మా ఇంటికి వచ్చింది. స్వీట్ల డబ్బా టీపాయ్ మీద పెట్టి, అందరూ అడిగే ప్రశ్నే అడిగింది.

"అంకుల్, మీ సర్వీసులో బాగా భయపడింది ఎప్పుడండీ? ఇంజన్ ఏమన్నా ఆగిపోయిందా?"

"సిమ్యులేటర్లో చాలాసార్లు ఆగింది. బయట ఒక్కసారి కూడా ఆగలేదమ్మా."

"మరి తుఫాన్లూ అవీ?" అన్నాడు వాళ్ళ నాన్న.

"పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళమండీ."

ఆయన కొంచెం నిరాశపడ్డాడు. అమ్మాయి మాత్రం వదల్లేదు. "అయితే మరి నేను దేనికి భయపడాలండీ?"

"సీనియారిటీ లిస్టుకి" అన్నాను. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆ ప్రశ్న గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆమె కోసమూ, ఆమెలాంటి వాళ్ళ కోసమూ రాస్తున్నాను. విమానం నడపడం గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిలో లేనిదే ఇక్కడ రాస్తాను.

నంబరు

పైలట్‌గా చేరిన రోజున మనకొక నంబరు వస్తుంది. మనకంటే ముందు చేరినవాళ్ళంతా పైన, తరువాత వచ్చినవాళ్ళంతా కింద. బాగా నడిపేవాడికి ఒక నంబరు, అంతంతమాత్రంగా నడిపేవాడికి ఒక నంబరు అని ఉండదు. చేరిన తేదీయే నంబరు. కుడి సీటు నుంచి ఎడమ సీటుకి ఎప్పుడు మారతాం, అంటే కెప్టెన్ ఎప్పుడవుతాం, ఏ విమానం నడుపుతాం, ఏ ఊళ్ళో ఉంటాం, సెలవు దొరుకుతుందా, కంపెనీ మనుషుల్ని తీసేస్తే ముందు ఎవరు పోతారు, అన్నీ ఆ నంబరే చెబుతుంది. వచ్చే నెల ఏ ఫ్లైట్లు కావాలో ప్రతి నెలా రాసి పంపుతాం. దాన్ని బిడ్ అంటారు. పై నంబరువాడు అడిగింది ఇచ్చాక, మిగిలినదాంట్లోంచి తరువాతివాడికి ఇస్తారు. అలా కిందిదాకా.

బయటివాళ్ళకి ఈ పద్ధతి అన్యాయంగా కనిపిస్తుంది. నేను మాత్రం సమర్థిస్తాను. మా నాన్న తణుకులో పంచదార ఫ్యాక్టరీ కాటా దగ్గర గుమాస్తా. మేనేజర్ల బంధువులు తనని దాటి వెళ్ళిపోతుంటే చూస్తూ సర్వీసంతా గడిపాడు. నేను ఉద్యోగంలో చేరి ఈ నంబరు సంగతి చెబితే, "అయితే మీ దగ్గర ఎవడికీ నమస్కారం పెట్టక్కర్లేదన్నమాట" అన్నాడు. నా ఉద్యోగంలో ఆయనకి అన్నిటికంటే నచ్చింది అదే. నాకూ అంతే. మేం ఎవర్నీ ఏమీ అడగం. మన వంతు వస్తే తీసుకుంటాం, రాకపోతే ఊరుకుంటాం.

కానీ ఈ పద్ధతి మనిషికి ఒక అలవాటు చేస్తుంది. పైనున్న పేర్లు లెక్కపెట్టుకోవడం. ఒకరు రిటైరైతే మనం ఒక నంబరు ముందుకి. ఒకరు మెడికల్ పరీక్షలో తప్పితే ఒక నంబరు. ఒకరు పోయినా ఒక నంబరే. ఆ వార్త వినగానే అయ్యో అంటాం. ఆ అయ్యో నిజమే. దాని వెనకే ఇంకొక ఆలోచన వస్తుంది. అది రానివాణ్ణి నేను చూడలేదు. మీకూ వస్తుంది, ఆశ్చర్యపోకండి.

రెండు ట్రేలు

కెప్టెన్, కో-పైలట్ ఒకే భోజనం తినకూడదు. ఒకటి పాడైనదైతే రెండోవాడైనా బాగుండాలని. అందుకని కాక్‌పిట్‌లోకి రెండు రకాల ట్రేలు వస్తాయి. ముందు కెప్టెన్ తీసుకుంటాడు.

నేను చేరిన కొత్తలో ఎక్కువగా శేషగిరి గారని ఒక పెద్దాయన పక్కన కూర్చునేవాణ్ణి. గాలివానలో విమానాన్ని ఎలా నిలకడగా దించాలో నాకు నేర్పింది ఆయనే. ట్రేలు రాగానే రెండిటి మీదా మూత ఎత్తి చూసేవారు. వాసన చూసేవారు. "ఈ వయసులో చికెన్ అరగదయ్యా" అని చికెన్ తీసుకునేవారు. ప్రతిసారీ ఇదే మాట, ప్రతిసారీ చికెనే. నాకు ఉప్మా.

ఒకసారి ఉండబట్టలేక, "అరగదంటున్నారు కదండీ, ఈ పూట మార్చుకుందామా?" అన్నాను.

ఆయన నావైపు తిరిగి, "సత్యనారాయణా, నీకూ ఈ సీటు వస్తుంది. అప్పుడు తిందువుగానిలే" అన్నారు. కోపంగా కాదు. ఒక నియమం చెప్పినట్టు.

నాకు ఆ సీటు చాలా ఆలస్యంగా వచ్చింది. మాది పాత కంపెనీ. కొత్త విమానాలు కొనేది తక్కువ, పైవాళ్ళు రిటైరైతే తప్ప ఎడమ సీటు ఖాళీ కాదు. వచ్చిన రోజున రెండు ట్రేల మీదా మూతలెత్తాను. పక్కనున్న కుర్రాడు చూడనట్టు చూస్తున్నాడు. నేను చికెన్ తీసుకున్నాను. అది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. అన్నేళ్ళు ఎదురుచూసినవాడు తన వంతు రాగానే తీసుకుంటాడు. ఇంకొకరికి వదలడం అనేది ఈ ఉద్యోగం నేర్పదు. వదిలినదాన్ని తీసుకోవడం కూడా నేర్పదు.

దానియేలు

దానియేలుది నరసాపురం. నాన్న మిషన్ స్కూల్లో టీచరు, అమ్మ లేసు అల్లేది. నేను ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షణ ముగించే రోజుల్లో కొత్తగా వచ్చి నా గదిలో చేరాడు. గదికి ఒకటే ఫ్యాన్. దాని కింద మంచం నాది, ఎందుకంటే నేను సీనియర్ని. అతను గోడవారన పడుకునేవాడు. రేడియోలో టవర్‌తో తడబడకుండా మాట్లాడడం అతనికి నేర్పింది నేనే. నన్ను అన్నయ్యగారూ అనేవాడు.

తరువాత అతను ఒక కొత్త కంపెనీలో చేరాడు. అది చూస్తుండగానే పెరిగింది. నెలకో విమానం వచ్చేదన్నట్టు ఉండేది. నాకంటే మూడేళ్ళు వెనక ఉద్యోగంలోకి వచ్చినవాడు నాకంటే కొన్ని రోజుల ముందే కెప్టెన్ అయ్యాడు. ఫోన్ చేసి, "మీ దీవెన అన్నయ్యగారూ" అన్నాడు. సంతోషమన్నాను. ఆ పూట అన్నం సయించలేదు. అయినా అతనిది వేరే కంపెనీ, వేరే లిస్టు. ఓర్చుకున్నాను.

కొన్నాళ్ళకి ఆ రెండు కంపెనీలూ కలిసిపోయాయి.

విమానాలు కలపడం తేలిక. రంగు మారుస్తారు. మనుషుల్ని కలపడమే కష్టం. రెండు లిస్టులు ఒకటి చేయాలి. ఎవరి పైన ఎవరు? చేరిన తేదీ చూడమని మా వాదన. మేం ఏళ్ళ తరబడి కుడి సీట్లో కూర్చున్నాం, అది లెక్కలోకి రావాలి కదా. కెప్టెన్ అయిన తేదీ చూడమని వాళ్ళ వాదన. నిన్నటిదాకా తమ కంపెనీలో పైనున్నవాళ్ళు కలిసిన పాపానికి కిందికెందుకు పోవాలని. రెండు మాటల్లోనూ అబద్ధం లేదు. అందుకే గొడవ అంత పెద్దదైంది. మాదే న్యాయమని నేను అప్పుడన్నాను, ఇప్పుడూ అంటాను. మధ్యవర్తిగా ఒక రిటైర్డు జడ్జిగారిని పెట్టారు. ఆయన కెప్టెన్లకి కెప్టెన్ అయిన తేదీయే లెక్క అన్నారు.

లిస్టు ఫోన్లో వచ్చినప్పుడు నేను క్రూ బస్సులో ఉన్నాను. నా పేరు వెతుక్కున్నాను. దానికి సరిగ్గా పైన దానియేలు పేరు ఉంది.

అతనే ఫోన్ చేశాడు. "చూశారా అన్నయ్యగారూ? మళ్ళీ పక్కపక్క మంచాలే."

"ఈసారి ఫ్యాన్ కింద నువ్వు" అన్నాను.

అతను పడీపడీ నవ్వాడు.

ఎవరికీ అక్కర్లేని ఫ్లైటు

ఒక్క నంబరు తేడాతో ఏం పోయిందని అడగవచ్చు. నిజానికి దేశంలో ఏ ఊరి విషయంలోనూ ఏమీ పోలేదు. ఒక్క రాజమండ్రి విషయంలో పోయింది.

నా భార్య సుభద్ర రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. నా ఉద్యోగం హైదరాబాదు నుంచి. ఆమె ఇల్లూ మొక్కలూ వదిలి రానంది. నేను సెలవు రోజుల్లో రైలెక్కి వచ్చేవాణ్ణి. పెళ్ళయినప్పటినుంచీ అలాగే గడిచింది. రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఉన్న మధురపూడిలో రన్‌వే పొడుగు చేశాక మా జెట్ విమానాలు దిగడం మొదలైంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి దిగి, రాత్రికి అక్కడే ఆగి, తెల్లవారుజామున తిరిగి వెళ్ళే ఫ్లైటు ఒకటి వేశారు. దాన్ని నైట్ హాల్ట్ అంటారు. ఆ నెల ఆ ఫ్లైటు ఎవరికి వస్తే ఆ కెప్టెన్ వారంలో రెండు మూడు రాత్రులు రాజమండ్రిలో పడుకుంటాడు. నాకైతే మా ఇంట్లో.

ఆ ఫ్లైటు ఎవరికీ అక్కర్లేదు. చిన్న ఊరు, చిన్న హోటలు, చీకటితో లేవాలి. అందరూ గోవాలు, అండమాన్లు అడిగేవారు. రాజమండ్రి అడిగేది ఇద్దరమే. నేనూ దానియేలూ. లిస్టు మొత్తం మీద నాకు పోటీ ఒక్కడు, ఆ ఒక్కడూ నాకు సరిగ్గా పైన. ప్రతి నెలా అతనికే వచ్చేది.

"నీకు రాజమండ్రి ఎందుకయ్యా?" అని ఒకసారి ఎయిర్‌పోర్టులో అడిగాను.

"ఊరికేనండీ. దిగేటప్పుడు గోదారి కనపడుద్ది కదా. హోటలు పక్కన పెసరట్టు బాగుంటదండి. ఏం, మీకు కావాలా?"

"అబ్బే, అక్కర్లేదు" అన్నాను.

పై నంబరువాణ్ణి ఫలానాది నాకు వదిలెయ్యమని అడగడం మా దగ్గర లేదు. అడగనక్కర్లేకపోవడమే ఆ పద్ధతిలోని గొప్ప అని ముందే చెప్పాను. నాకు ఇల్లు, అతనికి పెసరట్టు. లిస్టుకి రెండూ ఒకటే.

తరువాత సుభద్రకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. నాకున్న సెలవులన్నీ వాడేశాను. పగలు పనిమనిషి ఉండేది. రాత్రులు ఆమె ఒక్కతే.

ఇచ్చినా తీసుకోరా

అప్పటికే మా పాత కంపెనీ పైలట్ల యూనియన్ జడ్జిగారి లిస్టు మీద కోర్టుకి వెళ్ళింది. సెక్రటరీ కెప్టెన్ రంగనాథన్ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పాడు. కోర్టు తేల్చేదాకా కొత్త లిస్టు ప్రకారం ఎవరూ బిడ్లు పెట్టకూడదు. అవతలివాళ్ళతో ఫ్లైట్లు మార్చుకోకూడదు. పెడితే, మార్చుకుంటే, ఆ లిస్టుని ఒప్పుకున్నట్టే. అది ఉత్త బెదిరింపు కాదు. మావాడొకడు పెళ్ళికి వెళ్ళాలని అవతలి కెప్టెన్‌తో ఒక ఫ్లైటు మార్చుకుంటే, ఆ సంతకాన్ని వాళ్ళ లాయరు కోర్టులో చూపించాడు.

బిడ్ పెట్టనివాడికి ఎవరూ అడగనివి మిగులుతాయి. నాకు గౌహతి, బాగ్‌డోగ్రా వచ్చేవి. మ్యాపులో రాజమండ్రికి ఎంత దూరంగా పోగలనో అంత దూరం.

ఒకరోజు హైదరాబాదు క్రూ రూములో దానియేలు వెతుక్కుంటూ వచ్చాడు. మావాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. అందరూ మాటలు ఆపేశారు.

"వదినగారికి బాగోలేదంటగా. నాకు చెప్పొద్దాండీ?"

"చెబితే ఏం చేస్తావు?"

"వచ్చే నెల రాజమండ్రి నేను అడగను. మీరు అడగండి. వచ్చేస్తది."

"మేం బిడ్లు పెట్టడం లేదు."

"పోనీ నేనే తీసుకుని తరవాత మీతో మార్చుకుంటాను."

"మార్పులూ లేవు."

"ఇదేంటండీ బాబూ! ఇచ్చినా తీసుకోరా?"

"తీసుకుంటే నీ లిస్టు ఒప్పుకున్నట్టు."

"నా లిస్టేంటండీ? నేనేమన్నా కూర్చుని రాశానా?"

మావాళ్ళలో ఒకడు, "కెప్టెన్, మీ ఫ్లైటుకి టైమవుతోందేమో చూసుకోండి" అన్నాడు. దానియేలు వెళ్ళిపోయాడు. మావాళ్ళు నా భుజం తట్టారు.

సుభద్రకి ఫోన్లో చెప్పాను. అంతా విని, "అతను ఇస్తానన్నాడు, మీరు వద్దన్నారు. అంతేనా?" అంది.

"నేను కాదు. యూనియన్."

"ఆ యూనియన్ ఆయన్ని ఓసారి ఇటు రమ్మనండి, నా మందులు తెచ్చిపెడతాడు."

"కేసు గెలిస్తే ఆ ఫ్లైటు ఎప్పటికీ నాదే సుభద్రా."

"ఎప్పటికీ అంటే ఎప్పటిదాకానండీ?" అంది. తరువాత తనే, "సరే గానీ, ఎలాగూ వచ్చేవాడు అతనేగా. హోటల్లో ఏం తింటాడు, భోజనానికి రమ్మనండి" అంది.

"నేను పిలవను."

"నంబరివ్వండి, నేను పిలుస్తాను. మీ కేసు సంగతి మాట్లాడంలెండి."

మాట్లాడని గంటలు

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఇది మాత్రం మీ ఉద్యోగానికి నేరుగా పనికొస్తుంది.

ఆ రోజుల్లో ఒకే కాక్‌పిట్‌లో ఒక సీట్లో మావాడు, ఇంకో సీట్లో వాళ్ళవాడు ఉండేవారు. నమస్కారం, చెక్‌లిస్టు, అంతే. ఎయిర్‌పోర్టుకి వచ్చే కారులో కూడా ఎవరి కిటికీలోంచి వాళ్ళు చూసేవారు. ఒకరోజు విశాఖకి దిగుతున్నాం. కంట్రోలరు ఆరువేల అడుగుల దాకా దిగమన్నాడు. నేను ఆటోపైలట్‌లో అయిదు వేలు పెట్టాను. కుడి సీట్లో అవతలి కంపెనీ కుర్రాడు. అతను చూశాడు. చూసి ఊరుకున్నాడు. ఆరువేలు దాటి కిందికి పోతుండగా, "సార్, ఎత్తు" అన్నాడు. వెంటనే సరిచేశాను. కింద ఇంకో విమానం లేదు కాబట్టి రిపోర్టు రాసి ఇవ్వడంతో పోయింది.

దిగాక అడిగాను. "ముందే చూశావు కదా?"

"చూశానండి."

"మరి చెప్పవేం?"

"మీరే చూసుకుంటారేమో అనుకున్నాను సార్. చెబితే పాత కంపెనీవాళ్ళని తప్పు పట్టానంటారేమోనని."

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఈ గొడవలు వీధిలో చేయండి, కోర్టులో చేయండి, యూనియన్ మీటింగులో కుర్చీలు ఎత్తండి. కాక్‌పిట్ తలుపు మూశాక మాత్రం పక్కవాడితో మాట్లాడండి. వాడు మీ నంబరు తిన్నవాడైనా సరే.

సాయంత్రాలు

నేను సుభద్ర గురించి విశేషణాలు వాడను. ఆమెకి అవి నచ్చవు. ఆమె మాటలే రాస్తాను.

నేను ఏ గౌహతి హోటల్లోనో ఉండగా ఫోన్ చేసేది. "ఈవేళ దానియేలు వచ్చాడండీ. వంటింటి బల్బు మార్చాడు." "ఈవేళ దానియేలు పేపరంతా చదివి వినిపించాడు. వార్తలు చదువుతుంటే చర్చిలో వాక్యం చదివినట్టే ఉందండీ, నవ్వాపుకోలేకపోయాను." "పెరట్లో నల్లేరుని చూపించి అదేంటక్కడ అన్నాడు. పైలట్లకి పైనుంచి చూడడమే వచ్చు, దగ్గరికి తెచ్చి చూపిస్తే ఏ మొక్కా తెలీదన్నాను."

డయాలసిస్ కోసం చేతికి చిన్న ఆపరేషన్ చేస్తారు. ఆ చోట నరం లావుగా ఉబ్బుతుంది. ఎవరూ చూడకూడదని సుభద్ర ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్లే వేసుకునేది. ఒకసారి సెలవుకి వచ్చేసరికి పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని ఉంది. మోచేతి దగ్గర తెల్లటి లేసు పట్టీ.

"ఇదేంటి?"

"దానియేలు వాళ్ళమ్మగారు అల్లి పంపారండీ. బిగుతు లేకుండా, గాలి తగిలేటట్టు. బాగుంది కదూ?"

బాగుంది. ఆమె ఎండల్లో ఉక్కపోస్తూ తిరుగుతోందని నేనూ చూశాను. నాకు తోచలేదు. అతనికి తోచింది.

వాళ్ళిద్దరి మీద నాకు చెడ్డ అనుమానం ఏనాడూ లేదు. ఉంటే బాగుండేదేమో. అబద్ధమని తేల్చుకుని వదిలేసేవాణ్ణి. నా అసూయకి అలాంటి మందు లేదు, ఎందుకంటే అది నిజం మీద ఉంది. ఆ సాయంత్రాలు ఉన్నాయి. అవి నావి. అతను కూర్చునే కుర్చీ నాది. సెలవుకి ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఏదో చెబుతూ చెబుతూ ఆగి, "ఇది మీకు చెప్పలేదా? దానియేలుకి చెప్పానేమో" అనేది. అతనికి చెప్పిన తరువాత మిగిలినది నాకు వచ్చేది. ఇంట్లో కూడా అతను నాకంటే ఒక్క నంబరు పైనే.

ఆమె ఆఖరిసారి మాట్లాడింది కూడా అతనితోనే. ఆ సాయంత్రం అతను వచ్చేసరికి ఆయాసపడుతోందట. ఆసుపత్రిలో చేర్చాడు. పొద్దున ఫ్లైటు నడపలేనని కంపెనీకి ఫోన్ చేసి చెప్పేశాడు. ఆ విమానం మధ్యాహ్నం దాకా కదల్లేదు. దానికి తరువాత సంజాయిషీ రాసుకున్నాడు. నేను బాగ్‌డోగ్రా నుంచి రెండు విమానాలు మారి వచ్చేసరికి సుభద్రకి తెలివి లేదు. ఆ మర్నాడు పోయింది.

దినాలయ్యాక దానియేలుని అడిగాను. "ఆఖర్న ఏమంది?"

"ఏసీ ఆపమందండి. చలేస్తందని."

"తరవాత?"

"అంతేనండి. మరి మాట్లాడలేదు."

"నా గురించి?"

అతను నా మొహం చూసి, "అన్నయ్యగారూ, మీకోసం ఏదో ఒకటి కల్పించి చెప్పచ్చు. వదినగారు ఒప్పుకోరండి" అన్నాడు.

నిజమే చెప్పాడని నాకు తెలుసు. ఇంకేదో ఉంది, దాచుకున్నాడని కూడా అనిపిస్తూనే ఉంటుంది. ఆ ఏసీ మాటైనా నాతో అనివుంటే లేచి ఆపేది నేను కదా.

తీర్పు

కేసు మేం గెలిచాం. చేరిన తేదీ ప్రకారం లిస్టు మళ్ళీ వేయమని కోర్టు చెప్పింది. హైదరాబాదులో మావాళ్ళు కేకు కోశారు. రంగనాథన్ నన్ను కౌగలించుకుని, నాలాంటివాళ్ళు గట్టిగా నిలబడబట్టే ఇది సాధ్యమైందన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు. నేను కేకు తిన్నాను.

కొత్త లిస్టులో దానియేలు నాకు చాలా కిందికి వెళ్ళాడు. ఎన్నాళ్ళకో మొదటిసారి బిడ్ పెట్టాను. రాజమండ్రి అడిగాను. డ్యూటీల రోస్టర్లు వేసే అమ్మాయి ఫోన్ చేసి, "మీకే వచ్చింది సార్. ఇద్దరే అడిగారు" అంది. రెండోవాడు ఎవరో ఆమె చెప్పనక్కర్లేదు. సుభద్ర పోయాక కూడా దానియేలు రాజమండ్రి అడిగాడు. ఎందుకో నేను అడగలేదు. అతనికి దక్కనందుకు సంతోషించాను. ఇది రాయకుండా వదిలేయవచ్చు. కానీ పుస్తకాల్లో లేనిదే రాస్తానని మొదట్లో అన్నాను.

నేను మొదటి రాజమండ్రి ఫ్లైటుకి వెళుతున్న రోజు దానియేలు క్రూ రూములోకి వచ్చాడు. చెయ్యి కలిపాడు. "గెలిచారు. నాకు కష్టంగానే ఉందనుకోండి, అబద్ధమెందుకు" అన్నాడు. జేబులోంచి ఒక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇదేంటి?"

"మీ ఇంటిదేనండి. డయాలసిస్ అయిన రోజు వదినగారు లేచి తలుపు తీయలేకపోయేవారు. మారు తాళంచెవి చేయించి నాకిచ్చారు. ఇంక రాజమండ్రి మీది కదా. ఇది నా దగ్గర ఉండకూడదు."

అతనికి తాళంచెవి ఉందని నాకు తెలియదు. ఫోన్లో అన్నీ చెప్పే సుభద్ర అది మాత్రం నాకు చెప్పలేదు. ఉంచుకో అనాలని నాకు తోచింది. తోచినా అనలేదు. తీసుకున్నాను. నా వంతు వచ్చింది, తీసుకున్నాను.

ఆ సాయంత్రం విమానం దించి, హోటలు కారు వద్దని ఇంటికి వెళ్ళాను. నా తాళంచెవితో తలుపు తీయబోతే తిరగలేదు. మా ఇంటి తాళం పాతది. అన్నేళ్ళలో నేను వచ్చినప్పుడల్లా తలుపు సుభద్రే తీసేది, నా తాళంచెవి వాడే అవసరం ఎప్పుడో గాని పడలేదు. దినాలయ్యాక సుభద్ర తాళంచెవితో పనిమనిషే తాళం వేసింది, ఆ తరువాత నేను రావడం ఇదే. అది నల్లబడి ఉంది. చాలాసేపు ప్రయత్నించి, జేబులోంచి రెండోది తీశాను. వెంటనే తిరిగింది.

రిటైరయ్యేదాకా రాజమండ్రి ఫ్లైటు నాకే వచ్చింది. దానియేలు కూడా రిటైరై నరసాపురంలో ఉన్నాడు. అప్పుడప్పుడు వస్తాడు. బెల్లు కొట్టి, నేను వచ్చి తీసేదాకా గుమ్మం బయటే నిలబడతాడు. వచ్చినప్పుడు ఒక సాయంత్రం గురించి చెప్పమని అడుగుతాను. చెబుతాడు. వింటూ ఉంటే కడుపు మండుతుంది. అయినా అడుగుతాను.

కాబట్టి అమ్మాయీ, నంబరు కోసం కొట్లాడు. యూనియన్లో చేరు, చందా కట్టు. కానీ పక్కవాడు తన వంతు నీకిస్తానంటే, ఎవరు చూస్తున్నారో చూడకుండా తీసుకో.

తాళం మార్చమని మా వీధిలో వడ్రంగి చెబుతుంటాడు. మార్చలేదు. ఇప్పటికీ దానియేలు ఇచ్చిన తాళంచెవితోనే తలుపు తీస్తాను. నాది పట్టదు.